పాత మారుతి 800 దూరం వెళ్తే ఆగిపోతోంది, ఇది ఈ20 పెట్రోల్ పనేనా?

మీ బండి 1999 మోడల్ మారుతి 800, కార్బరేటర్‌ది (పెట్రోల్‌నూ గాలినీ కలిపి ఇంజన్‌కు ఇచ్చే పాత పరికరం). ఊళ్లో బాగానే తిరుగుతోంది. దూరం పోతే మాత్రం గంటలోపే పికప్ పోయి, మిస్సింగ్ కొట్టి, ఎత్తు తగలగానే ఆగిపోతోంది. కాసేపు ఊరుకుంటే మళ్లీ స్టార్టవుతోంది. మీ మెకానిక్ ఏమో ఇదంతా ఈ20 (20 శాతం ఎథనాల్ అనే స్పిరిట్ కలిపిన పెట్రోల్) వల్లే, ప్రీమియం పెట్రోల్ కొట్టించండి, లేదంటే గ్యాస్ కిట్ వేయించుకోండి అన్నాడు. ఏం చేయాలని కదా మీ ప్రశ్న.

ఆ రెండూ వద్దు. ముందు పెట్రోల్ ట్యాంకు మూత తీసి చూడండి. నవ్వకండి, ఎందుకంటున్నానో చెప్తాను.

నాది 1998 బండి. నంబర్ ప్లేటు మీద ఇంకా ఏపీ 36 అనే ఉంటుంది. హనుమకొండ నుంచి పరకాల దగ్గర మా బడికి దాంట్లోనే వెళ్లొస్తాను. 796 సీసీ ఇంజన్, మూడు సిలిండర్లు. బానెట్ ఎత్తితే ఏ వైరు ఎక్కడికి పోతోందో కంటికి కనపడుతుంది, పక్కల సందుల్లోంచి కింద రోడ్డు కూడా కనపడుతుంది. మా బావ కొత్త బండికి బానెట్ ఎత్తితే ఒక పెద్ద నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఇంకేమీ ఉండదు. ఏం పాడైనా లాప్‌టాప్ పెట్టాల్సిందేనట. అయినా కాలనీలో అందరూ నన్నే అడుగుతారు, "సార్, ఇంకా ఆ డబ్బానే నడుపుతున్నారా" అని.

మీకున్న రోగమే నా బండికీ పట్టింది. వరంగల్‌లో ఒకాయన ప్లగ్గులు మార్చాడు. ఇంకొకాయన కార్బరేటర్ విప్పి కడిగాడు. మూడో ఆయన సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, "ఇంజన్ బోర్‌కొచ్చింది సార్, దించాల్సిందే" అన్నాడు, అంటే సిలిండర్లు అరిగిపోయాయని. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి చూశావా బాబూ అంటే ముఖం చిట్లించాడు. గేజ్ పెట్టకుండా ఇంజన్ దించమనే మెకానిక్ దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, ఇది నా గట్టి అభిప్రాయం. నా బండి పొగ కక్కట్లేదు, ఆయిల్ తినట్లేదు. మరి బోర్‌కెలా వస్తుంది?

ఇంతలో మేడారం ప్రయాణం పడింది. జాతర రోజుల్లో ఆ రద్దీ అమ్మ తట్టుకోలేదని, నెల ముందే మొక్కు అప్పజెప్పి వద్దామనుకున్నాం. అమ్మకు నిలువెత్తు బంగారం మొక్కు ఉంది. (బయటి జిల్లాల వాళ్ల కోసం: బంగారమంటే బెల్లం.) ఆ బెల్లం డిక్కీలో, అమ్మా అక్కా వెనక సీట్లో, బావ నా పక్కన. తెల్లవారుజామున బయల్దేరాం, చలి బాగానే ఉంది. గూడెప్పాడ్ దాటాం, కటాక్షపూర్ చెరువు దాటాం, బండి చక్కగా పోతోంది. మల్లంపల్లి దాటాక ఇసుక లారీలు ఎదురొచ్చే చోట ఓవర్‌టేక్ చేద్దామంటే బండి గుంజట్లేదు. జాకారం దాటి గట్టమ్మ గుట్ట ఎక్కేసరికి థర్డ్ లోంచి సెకండ్‌కి, సెకండ్ లోంచి ఫస్ట్‌కి దింపాను. నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. గుడి ఇంకా కొంచెం పైన ఉంది. మేడారం పోయేవాళ్లు ఎలాగూ గట్టమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టే పోతారు కాబట్టి, అమ్మ దీన్ని తల్లి పిలుపే అనుకుంది. బావ మాత్రం ఫోన్ తీశాడు.

"చూడు బామ్మర్దీ, ఇది ఎథనాలే. పాత బండ్లకు పడదని ఎన్ని వీడియోలు వచ్చినయో చూడు. వేపర్ లాక్ అయ్యింటది."

వేపర్ లాక్ అంటే పైపులో పెట్రోల్ ఆవిరై, ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోల్ అందించే పంపు ద్రవాన్ని లాగలేకపోవడం. అది అబద్ధం కాదు. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి. మే నెలలో రామగుండం ఎండలో, ఇంజన్ పక్కనే పంపు ఉండే కార్బరేటర్ బండికి వేపర్ లాక్ వస్తే ఆశ్చర్యం లేదు. తడిగుడ్డ తెచ్చి పంపు మీద వేస్తే కాసేపట్లో దారికొస్తుంది. కానీ జనవరి చలిలో, స్వెట్టర్ వేసుకుని కూర్చున్నప్పుడు పెట్రోల్ ఆవిరవడమేంటి? ఈ మాట బావకు చెప్పి లాభం లేదు, వీడియోలో ఇంకోలా చెప్పారు మరి.

అప్పుడే గుడి దగ్గర ఆటో ఆపుకుని టీ తాగుతున్న పెద్దాయన ఒకరు దిగొచ్చారు. ఒకప్పుడు ములుగులో జీపులు బాగుచేసేవారట. బానెట్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. బండి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లారు.

"సారూ, జర్ర ఈ మూత తాళం తియ్యుండ్రి."

తాళం తిప్పి మూత వదులు చేశానో లేదో, సుయ్‌య్‌మని గాలి లోపలికి లాగిన చప్పుడు. వెనక సీట్లో ఉన్న అమ్మక్కూడా వినపడింది. రేకు ట్యాంకు కింద టప్‌మని ఒక శబ్దం, లోపలికి నొక్కుకున్న రేకు మళ్లీ యథాస్థానానికి వచ్చిందన్నమాట.

"ఇగ కొట్టుండ్రి సెల్ఫు."

పంపు పెట్రోల్ అందుకునేదాకా కాసేపు తిరిగి, అందుకుంది. పెద్దాయన మూతను తన చొక్కా అంచుతో తుడిచి, లోపలి వైపు చూపించారు. గాలి పోవడానికి ఉండే సన్నటి రంధ్రం దుమ్మూ తుప్పూ కలిసి మట్టిముద్దలా పూడిపోయి ఉంది. అది కంపెనీ మూత కూడా కాదు. నాకు బండి అమ్మినాయన ఎప్పుడో బిగించిన తాళం మూత. "నీళ్ల బిందె బోర్లిస్తే బుడుబుడుమని ఆగి ఆగి పడతయి గద, గాలి లోపలికి పోకుంటే పెట్రోలైనా గంతే" అన్నారాయన. డబ్బులు తీసుకోలేదు. అమ్మ రెండు బంగారం ముద్దలు చేతిలో పెడితే మాత్రం కళ్లకద్దుకుని తీసుకున్నారు. మూత కొంచెం వదులుగా, గుడ్డ చుట్టి పెట్టుకుని, ట్యాంకు నిండా కొట్టించకుండా మేడారం వెళ్లొచ్చాం. పస్రా, తాడ్వాయి అడవి దారంతా బండి పరిగెత్తింది. బావ ఫోన్ జేబులోంచి తీయలేదు.

మీ లక్షణాలన్నీ దీనికే సరిపోతున్నాయి. ఊళ్లో ఎందుకు ఆగట్లేదంటే, చిన్న చిన్న దూరాలకు ట్యాంకులో అంత ఖాళీ ఏర్పడదు. నిలబెట్టినప్పుడల్లా సందుల్లోంచి నెమ్మదిగా గాలి దూరుతుంది. దూరం పోతే ఖాళీ పెరిగి, దాన్ని నింపేంత గాలి లోపలికి రాక పంపు ఓడిపోతుంది. ఎత్తు మీద ఇంజన్ ఎక్కువ పెట్రోల్ అడుగుతుంది కాబట్టి అక్కడే బయటపడుతుంది. ఈసారి ఆగిన వెంటనే, ఇంజన్ చల్లారకముందే మూత తీయండి. సుయ్‌మంటే కొత్త మూత కొనండి, పని అయిపోయింది. చేతిలో సిగరెట్ ఉన్నవాళ్లను మాత్రం దూరంగా ఉంచండి.

సుయ్‌మనకపోతే? అప్పుడు రబ్బరు చూడాలి, ఇక్కడే ఈ20 కథ వస్తుంది. నేను ఎథనాల్‌ను వెనకేసుకు రావడం లేదు. 2022 నాటికే పెట్రోల్‌లో 10 శాతం కలిపారు. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం మొదలైంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలోనే దానికి తట్టుకునే రబ్బరు వేస్తున్నారు. మనవి అంతకు పాతికేళ్ల ముందు పుట్టాయి. ఎథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మురికిని కడిగి ఫిల్టర్‌లోకి పంపిస్తుంది. వానాకాలంలో నీళ్లు దూరితే ఎథనాల్ వాటితో కలిసి అడుగుకు దిగిపోతుంది, పొద్దున్నే పంపు ముందు దాన్నే లాగుతుంది. పంపు దగ్గరి పైపును వేళ్లతో నలపండి. జిగురుగా ఉన్నా, వంచితే పగుళ్లు కనపడినా మార్చేయండి. ఫిల్టర్ ఎలాగూ చవకే, దాన్నీ మార్చండి. నా లెక్కలో పాత బండ్లు పెట్రోల్ వల్ల చెడేదానికంటే రబ్బరు వల్ల చెడేదే ఎక్కువ. మెకానిక్‌లు మాత్రం పది రూపాయల రబ్బరు ముక్క గురించి మాట్లాడరు, అందులో వాళ్లకేం మిగులుతుంది!

ఇంకో మాట. కార్బరేటర్‌కు తెలివి ఉండదు. కొత్త తరహా ఇంజెక్షన్ బండిలో సెన్సార్ చూసుకుని పెట్రోల్ కొంచెం ఎక్కువ వదులుతుంది, కార్బరేటర్ బిగించినంతే వదులుతుంది. ఎథనాల్‌కు గాలి తక్కువ చాలు కాబట్టి, పాత సెట్టింగ్‌తో మిశ్రమంలో గాలి ఎక్కువై పలచబడుతుంది. అది తెలియాలంటే బాగా నడిపిన వెంటనే ప్లగ్గు విప్పి రంగు చూడండి. లేత గోధుమ రంగైతే బాగున్నట్టు. తెల్లగా ఉంటే పలచన, నల్లగా మసి పడితే చిక్కన. తెల్లగా ఉంటే కార్బరేటర్ పని తెలిసినవాళ్లతో జెట్ (పెట్రోల్ వదిలే సన్న రంధ్రం) సరిచేయించాలి. మైలేజీ మాత్రం కొంత తగ్గుతుంది, దానికి మందు లేదు. లీటరుకు లీటరు చూస్తే ఎథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ధర మాత్రం లీటరుకు 100 దాటించి మొత్తం తీసుకుంటున్నారు.

ప్రీమియం సంగతి. 91, 95 అని రాసే ఆక్టేన్ అంకె పెట్రోల్‌లో బలాన్ని చెప్పదు, ఇంజన్‌లో నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకమనడం) రాకుండా ఎంత ఆపుతుందో చెప్తుంది. మన ఇంజన్ తక్కువ కంప్రెషన్‌ది, దానికి మామూలు పెట్రోల్‌తోనే నాకింగ్ రాదు. లేని రోగానికి మందెందుకు? పైగా 95లో కూడా ఎథనాల్ కలిసే ఉంటుంది. ఎథనాల్ లేనిది కావాలంటే 100 ఆక్టేన్‌ది ఒకటుంది, దాని ధర చూస్తే బండి అమ్మేయాలనిపిస్తుంది. దానికి బదులు అమ్మకం బాగా ఉండే బంకులో మామూలు పెట్రోలే కొట్టించండి, నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచకండి. అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగండి, 5 లీటర్ల కొలత పాత్రతో కొలిచి చూపమనండి. అడిగే హక్కు మనకుంది. అడిగితే బంకు కుర్రాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు, చూడనివ్వండి.

గ్యాస్ కిట్ అయితే అసలే వద్దు. వేయిస్తే ఆర్‌సీలో ఎక్కించాలి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. డిక్కీ మొత్తం సిలిండరే, బంగారం ఎక్కడ పెడతారు? ఇంట్లో వంట సిలిండర్‌తో నడిపే మహానుభావులు కూడా ఉన్నారు. అలాంటి బండి వెనక నేను ట్రాఫిక్‌లో కూడా ఆగను. మనలాంటి వాళ్లం తిరిగే దూరానికి కిట్ డబ్బులు తిరిగి రావడానికే ఏళ్లు పడుతుంది. ఈలోగా ఆర్‌సీ రెన్యువల్ మీద పడుతుంది. 600 రూపాయలున్న ఫీజును 2022లో 5,000 చేశారు. 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 అన్నారు. పొగ కక్కే కొత్త లారీని వదిలేసి, పొల్యూషన్ సర్టిఫికెట్‌లో శుభ్రంగా పాసయ్యే పాత 800 మీదే ఎందుకింత పగో నాకు అర్థం కాదు. సరే, అది వేరే ప్రశ్న.

మూత కొనేటప్పుడు తాళం ఉందా లేదా అని కాదు, లోపలి వైపు గాలి రంధ్రం ఉందో లేదో చూసి కొనండి. షాపులో నోటితో ఊది చూడొచ్చు, ఏమీ అనరు. మూత మార్చాక కూడా ఆగితే, ప్లగ్గు ఏ రంగులో ఉందో ఇక్కడే రాయండి. అప్పుడు ప్లగ్గులకు కరెంటు పంపే డిస్ట్రిబ్యూటర్, కాయిల్ సంగతి చూద్దాం.