నిన్ను నిలబెట్టినవాళ్లకి ఏం చెప్పాలంటే

పాలకొల్లు

అమ్మడూ,

ప్రభువు నామంలో శుభాలు. నర్సు ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసినప్పుడు, "ఇన్నాళ్లూ నన్ను ప్రోత్సహించినవాళ్లకి ఏం చెయ్యాలి పెద్దమ్మా? ఆదివారం చర్చిలో శాలువాలు కప్పితే బాగుంటుందా?" అని అడిగావు. ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

శాలువాలు వద్దు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లు. వాళ్లు ఏ రోజు ఏం చేశారో, దానివల్ల నీకేం జరిగిందో నోరు తెరిచి చెప్పు. అనాటమీ పేపర్ పోయి నువ్వు అన్నం తినకుండా పడుకున్నప్పుడు, మీ సండే స్కూల్ టీచర్ గారు వర్షంలో కాలవగట్టు మీద నడిచొచ్చి, నీ పక్కన కూర్చుని పుస్తకం తెరిపించారు కదా. ఆ సాయంత్రం సంగతే చెప్పు. "మీరు చాలా సాయం చేశారు" అంటే "ఎంతమాటమ్మా" అని ఊరుకుంటారు. "ఆరోజు మీరు రాకపోతే నేను సప్లిమెంటరీ ఫీజే కట్టేదాన్ని కాదు" అంటే మాత్రం తను పడ్డ శ్రమ ఎందుకు పనికొచ్చిందో ఆవిడకి తెలుస్తుంది. రేపు ఇంకో పిల్ల ఏడుస్తూ పడుకుందని తెలిస్తే మళ్లీ అదే గట్టు మీద నడుస్తారు.

బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం, అదే రోమా పత్రిక, అందులో 16వ అధ్యాయం పేర్ల పట్టీయే కదా అని దాటేస్తాం. ఈసారి నెమ్మదిగా చదువు. పౌలు ఊరికే వందనాలు చెప్పి వదిలెయ్యలేదు. ప్రిస్కిల్ల, అకుల తన ప్రాణం కోసం తమ ప్రాణాలకి తెగించారని రాశాడు. ఫీబే తనకీ ఇంకా చాలామందికీ సాయపడిందని చెప్పి, ఆమెకి ఏం కావాలన్నా చూడమని సంఘాన్ని అడిగాడు. రూఫు తల్లిని నాకూ తల్లే అన్నాడు. సంఘంలో అందరిముందూ ఆ మాట చదువుతుంటే విన్న ఆ తల్లికి ఎలా ఉండి ఉంటుందా అని నేనెప్పుడూ అనుకుంటాను.

చర్చిలో మనం చెప్పే సాక్ష్యాల్లో "అంతా దేవుడే చేశాడు" అని చెప్పి కూర్చుంటాం. నిజమే, కానీ ఎవరిచేత చేయించాడో కూడా చెప్పాలి కదా. ఫిలిప్పీ సంఘంవాళ్లు ఎపఫ్రొదితు చేత పంపిన కానుక దేవునికి ఇష్టమైన సువాసన అని పౌలు చెరలోంచి రాశాడు. ఆ ఉత్తరంలోనే, మొదట్లో మీరు తప్ప ఏ సంఘమూ నన్ను ఆదుకోలేదని, థెస్సలొనీకలో ఉన్నప్పుడూ పంపారని గుర్తుచేసుకున్నాడు. కోతపండక్కి తొలి బస్తా చర్చికి తెచ్చిన రైతు, కోత కోసిన కూలీల డబ్బులు ఎగ్గొడితే ఆ బస్తా దేవుడు మెచ్చుతాడా?

మీ వీధిలో రైస్ మిల్లు గుమస్తా గారు క్రైస్తవులు కాకపోయినా, నిన్ను పరీక్షకని తెల్లవారకముందే భీమవరం తీసుకెళ్లారు. ఆయన్ని మర్చిపోకు. పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే తిరిగొచ్చి యేసుప్రభువు కాళ్ల మీద పడింది ఒక్క సమరయుడే. బయటివాడు చేసిన పని మనం చెయ్యకపోతే ఎలా?

వట్టిచేతులతో వెళ్లడం ఇబ్బందనిపిస్తే ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్లు. డబ్బు కవరు మాత్రం ఇవ్వకు, బాకీ తీర్చేసినట్టు ఉంటుంది. దూరంగా ఉన్నవాళ్లకి వాట్సాప్‌లో వాక్యం ఫార్వర్డ్ చేసి ఊరుకోకుండా, కింద నీ సొంత మాట రెండు లైన్లు రాయి.

మన డెల్టా జనం మేలు మరిచేవాళ్లు కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అది కట్టించిన కాటన్ దొర విగ్రహాలకి ఇప్పటికీ దండలు వేస్తున్నాం. బతికున్నవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పడానికే ఎందుకో బద్ధకిస్తాం.

ముందు టీచర్ గారి దగ్గరికే వెళ్లు. ఆవిడకి చూపు బాగా తగ్గింది, ఉత్తరం రాస్తే ఇంకొకరిచేత చదివించుకోవాలి. సాయంత్రం ప్రార్థన కూడిక మొదలయ్యేదాకా ఇంట్లోనే ఉంటారు. మీ అమ్మని ఇంకోసారి తీసుకెళ్లొచ్చు, మొదటిసారి ఒక్కదానివే వెళ్లు. నీకు ఏడుపొచ్చినా ఆవిడకి వచ్చినా మొహమాటం ఉండదు.

మీ పెద్దమ్మ