డాలస్ పెరటి తోటకు వాతావరణ సూచనలు: ఏది ఎప్పుడు చూడాలి?

డాలస్ చుట్టుపక్కల ఊళ్లకు కొత్తగా వచ్చిన మన వాళ్లు ఏటా ఏప్రిల్‌లో అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే. మార్చి తొలి వారాల ఎండ చూసి టమాటా, మిరప నారు నాటామనీ, రాత్రికి 36 డిగ్రీల ఫారన్‌హీట్ అని ఫోను చూపించినందువల్ల నిశ్చింతగా పడుకున్నామనీ, తెల్లవారేసరికి ఆకులు ఉడికించినట్లు నల్లబడి వాలిపోయాయనీ, ఇక్కడి వాతావరణ సూచనలను అసలు నమ్మవచ్చా అనీ అడుగుతారు. నమ్మవచ్చు. అయితే ఏ సూచన దేనిని గురించి చెబుతున్నదో, ఎన్ని రోజుల వరకు దాని మాట చెల్లుతుందో తెలుసుకొని చూడాలి.

ముందు ఆ 36 డిగ్రీల సంగతి. సూచనలో చెప్పే ఉష్ణోగ్రత నేలను అంటుకొని ఉన్న గాలిది కాదు. నేలకు అయిదారు అడుగుల ఎత్తున, ఎండ తగలకుండా అమర్చిన ఉష్ణమాపకం చూపేది. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదులుకుంటుంది. అలా చల్లబడిన గాలి బరువెక్కి నేల మీదే నిలిచిపోతుంది. అందువల్ల పైన 36 ఉన్నప్పుడు జానెడు ఎత్తున్న నారు దగ్గర 32, అంటే మన సున్నా సెల్సియస్, లేదా అంతకన్నా తక్కువే ఉండవచ్చు. అదే 36 డిగ్రీలు మబ్బు పట్టి, గాలి వీస్తున్న రాత్రి వస్తే నారు సాధారణంగా బతికి బయటపడుతుంది.

కాబట్టి ఒక్క అంకెతో సరిపెట్టుకోకుండా, ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ వెదర్ సర్వీస్ వారి వెదర్ డాట్ గవ్‌లో మీ జిప్ కోడ్ ఇచ్చి, పటంలో మీ ఇంటి మీద నొక్కి, గంటగంటకూ చూపే గ్రాఫును తెరవండి. అక్కడ ఉష్ణోగ్రత గీతతో పాటు డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత), గాలి వేగం, మబ్బు శాతం కూడా ఉంటాయి. ఉదాహరణకు ఒక మార్చి రోజు మధ్యాహ్నం 65 డిగ్రీలు ఉండి ఉత్తరపు గాలి వీస్తుంది. చీకటి పడ్డాక గాలి గంటకు మూడు మైళ్లకు తగ్గుతుంది, మబ్బు శాతం అయిదు లోపుకు పడిపోతుంది, డ్యూ పాయింట్ 30 దగ్గర ఉంటుంది, ఉదయం ఏడింటికి ఉష్ణోగ్రత 36 అని ఉంటుంది. ఈ నాలుగు గీతలూ ఇలా కలిసిన రాత్రి నారు మీద పాత దుప్పటి కప్పవలసిందే. దుప్పటి అంచులు నేలను తాకాలి, అప్పుడే నేలలోని వేడి లోపల నిలుస్తుంది. ప్లాస్టిక్ పట్టా అయితే ఆకులకు తగలకుండా చూసుకోవాలి, పొద్దెక్కాక తీసివేయాలి. ముందు రోజు మడికి నీరు పెట్టి ఉంచితే ఇంకా మంచిది, ఎందుకంటే తడి నేల పొడి నేల కన్నా ఎక్కువ వేడిని దాచుకుంటుంది.

కొత్తవారు తడబడేది మరొకచోట కూడా ఉంది. మంగళవారం రాత్రికి కనిష్ఠం 33 అని రాసి ఉంటే, ఆ 33 సాధారణంగా వచ్చేది బుధవారం సూర్యోదయ సమయంలో. మంగళవారం ఉదయం చలి లేదని చూసి సూచన తప్పిందనుకొని ఆ సాయంత్రం కప్పకుండా వదిలేసిన ఇళ్లను నేను చూశాను. అలాగే ఫోనులో ‘ఫీల్స్ లైక్’ అని చూపే అంకె మనిషి ఒంటికి వర్తించేది, మొక్కకు కాదు. చలిగాలి మొక్కలోని తడిని ఆరబెడుతుందే గాని, చుట్టూ ఉన్న గాలి కన్నా దానిని చల్లబరచలేదు. ఫోను అప్లికేషన్ల మీద నాకు కోపమేమీ లేదు. గొడుగు పట్టుకువెళ్లాలా వద్దా అన్నదానికి అవి చాలు.

మన పెద్దలు కార్తెలను బట్టి విత్తనం వేశారు, అందులో అర్థముంది. మృగశిర కార్తె జూన్ మొదటి పక్షంలో ప్రవేశిస్తుంది, నైరుతి రుతుపవనాలు తెలుగు నేల మీదకు వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. ఉత్తర టెక్సస్‌లో అటువంటి రుతుపవనం లేదు. వానలు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో, తరచుగా ఉరుములతోనూ వడగళ్లతోనూ పడతాయి. మనకు వానాకాలం నడిబొడ్డైన జూలై, ఆగస్టులు ఇక్కడ నేల నెర్రెలిచ్చే రోజులు. కనుక ఇక్కడ విత్తే వేళను నిర్ణయించేది వాన కాదు, చలి వదలడమూ నేల వేడెక్కడమూ. చివరిసారి గడ్డకట్టే చలి సగటున మార్చి నెలలో ముగుస్తుంది గాని, ఏప్రిల్ రెండో వారంలో కూడా వచ్చిన ఏళ్లున్నాయి. డాలస్ కింద ఉన్నది చాలావరకు మన నల్లరేగడి వంటి నేలే. అది తడిగా ఉన్నప్పుడు ఆలస్యంగా వేడెక్కుతుంది. బెండ గింజ మొలవాలంటే నేల 65 డిగ్రీలైనా ఉండాలి. వంటింట్లో వాడే పుల్లలాంటి ఉష్ణమాపకాన్ని ఉదయం పూట నాలుగు అంగుళాల లోతుకు గుచ్చి చూస్తే, ఏ కాలెండరూ చెప్పలేని సంగతి అది చెబుతుంది. అలాగని టమాటాను మరీ ఆలస్యం చేయకూడదు. రాత్రులు 75 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, కాయ కట్టదు.

ఇక రోజుల దూరం. మొదటి మూడు రోజుల సూచనను నమ్మి పని చేయవచ్చు, ఏడో రోజుది సిద్ధపడడానికి పనికివస్తుంది. ఆ పైన నేషనల్ వెదర్ సర్వీస్‌లోనే భాగమైన క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ వారు ఆరు నుంచి పది రోజులకు, ఎనిమిది నుంచి పద్నాలుగు రోజులకు, నెలకు, మూడు నెలలకు అంచనా పటాలు ఇస్తారు. వీటిని చదవడంలోనే ఎక్కువ మంది పొరబడతారు. పటంలో మీ ఊరి మీద ‘మామూలు కన్నా వెచ్చన, 40 శాతం’ అని ఉంటే అది ఎండ కాస్తుందన్న హామీ కాదు. 1991 నుంచి 2020 వరకు గల 30 ఏళ్ల లెక్కలను చల్లన, మామూలు, వెచ్చన అని మూడు సమ భాగాలు చేస్తే ఒక్కోదానికి 33 శాతం అవకాశం ఉంటుంది. ఇప్పుడు వెచ్చన వైపు త్రాసు కొద్దిగా మొగ్గిందని మాత్రమే దాని భావం. మిగిలిన 60 శాతం ఇంకా అవతలి రెండు భాగాలదే.

దీనికి 2021 ఫిబ్రవరి కన్నా మంచి ఉదాహరణ లేదు. అంతకుముందు శరత్కాలంలో లా నినా (పసిఫిక్ మహాసముద్రపు నడిమి నీరు మామూలు కన్నా చల్లబడడం) ప్రభావాన్ని లెక్కగట్టి ఇచ్చిన శీతాకాలపు అంచనా, దక్షిణాది రాష్ట్రాలు మామూలు కన్నా వెచ్చగా ఉండే అవకాశం ఎక్కువని చెప్పింది. ఫిబ్రవరి 16 ఉదయం డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. మూడు నెలల సగటును గురించి చెప్పే అంచనాకు ఒక వారపు విపరీతాన్ని పట్టే శక్తి లేదు. ఆ వారాన్ని పట్టుకున్నది దగ్గరి రోజుల సూచనలే, అవి ముందుగానే గట్టిగా హెచ్చరించాయి. అందుచేత మూడు నెలల పటాన్ని చూసి వేసవిలో డ్రిప్ పైపులు వేయాలా, మడుల మీద గడ్డి పరవాలా అన్నది నిర్ణయించుకోండి. ఎనిమిది-పద్నాలుగు రోజుల పటాన్ని చూసి నారును మరో వారం గ్యారేజీలోనే ఉంచాలా అన్నది చూసుకోండి. కప్పడానికీ నీరు పెట్టడానికీ మూడు రోజుల సూచన తప్ప మరొకటి చూడకండి. ఊరి బయట కొన్ని ఎకరాలు కొని తోట వేసినవారు ఎక్కడ ఎంత కరవు ఉందో చూపుతూ ప్రతి గురువారం వెలువడే డ్రౌట్ మానిటర్ పటాన్ని కూడా గమనించాలి. కరవు సమయంలో పశుగ్రాసానికి ఇచ్చే కొన్ని ప్రభుత్వ సహాయాలు దానినే ఆధారం చేసుకుంటాయి.

వాన శాతం గురించి ఒక మాట. 40 శాతం వాన అంటే ఊరిలో 40 శాతం మేర తడుస్తుందనో, రోజులో 40 శాతం సేపు కురుస్తుందనో కాదు. మీరు నిలుచున్న చోట ఆ వ్యవధిలో కనీసం అంగుళంలో నూరో వంతు వాన పడే అవకాశం అంత అని. ఎంత పడుతుందన్నది వేరే అంకె, అది గ్రాఫులో విడిగా ఉంటుంది. పైగా ఇక్కడి ఉరుముల వాన వీధికొక తీరుగా ఉంటుంది: పక్క కాలనీలో అంగుళం పడి మన పెరట్లో దుమ్ము కూడా అణగకపోవచ్చు. నాలుగు అంగుళాల వ్యాసం గల వానకొలత గొట్టాన్ని బయట పాతుకుంటే స్ప్రింక్లర్ వేయాలా వద్దా అన్నది తేలిపోతుంది. కోకోరాస్ అనే స్వచ్ఛంద బృందంలో చేరితే, మీ కొలతను రోజూ ఉదయం పంపవచ్చు. నేషనల్ వెదర్ సర్వీస్ వారు కూడా ఆ లెక్కలను వాడుకుంటారు.

మన దగ్గర భారత వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో జిల్లా రైతులకు ఇచ్చే సలహాలో ఏ పైరుకు ఏం చేయాలో కూడా ఉంటుంది. ఇక్కడి నేషనల్ వెదర్ సర్వీస్ సూచన వాతావరణం దగ్గరే ఆగిపోతుంది; మొక్కల సంగతి మీ కౌంటీలో వ్యవసాయ సలహాలిచ్చే అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ కార్యాలయాన్ని అడగాలి.

చివరిగా శరత్కాలం. నవంబరులో గడ్డకట్టే చలి తొలిసారి వచ్చి పైర్ల కాలం ముగిసిందని తేలాక, ఫ్రాస్ట్ అడ్వైజరీ, ఫ్రీజ్ వార్నింగ్ వంటి హెచ్చరికలు ఇవ్వడం సాధారణంగా ఆపివేస్తారు. వసంతంలో మొక్కలు చిగురించే వేళకు మళ్లీ మొదలుపెడతారు. డిసెంబరులో హెచ్చరిక ఏదీ రాలేదు గనుక చలి లేదనుకోకండి. కరివేపాకు కుండీని మాత్రం ఆ తొలి హెచ్చరిక దాకా కూడా బయట ఉంచవద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో రాత్రులు వరుసగా 50 డిగ్రీల దిగువకు వస్తాయని గ్రాఫు చూపిన రోజునే ఆకుల అడుగున పురుగు ఉందేమో చూసి, కడిగి, ఎండ పడే కిటికీ దగ్గరకు చేర్చండి.