డాక్ పెట్టె కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఎనిమిది వేల రూపాయలలో డాక్ (కంప్యూటర్‌లో అంకెలుగా ఉన్న పాటను విద్యుత్ సంకేతంగా మార్చేది), హెడ్‌ఫోన్ యాంప్ (ఆ సంకేతాన్ని హెడ్‌ఫోన్‌కు సరిపడా పెంచేది) రెండూ కలిసి ఉన్న పెట్టె ఒకటి కంప్యూటర్ బల్ల మీదకు కొనుక్కోవాలనుకుంటున్నావనీ, ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతుంటే ఏదీ తేల్చుకోలేకపోతున్నావనీ రాశావు. ఏది కొనాలో నేను చెప్పను. తెప్పించుకున్న పెట్టెను, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే, నీ గదిలో నీ హెడ్‌ఫోన్‌తో ఎలా పరీక్షించుకోవాలో మాత్రం చెబుతాను.

మొదట చేయవలసింది వినడం కాదు, లెక్క. హెడ్‌ఫోన్‌కు రెండు అంకెలుంటాయి: ఎన్ని ఓంలు (కరెంటుకు అది ఇచ్చే అడ్డు), ఎంత విద్యుత్తుకు ఎన్ని డెసిబెళ్ల శబ్దం. నీ దగ్గరున్న సెన్‌హైజర్ హెచ్‌డి 600నే తీసుకో. అది 300 ఓంలది, ఒక వోల్టుకు 97 డెసిబెళ్లు పలుకుతుంది. మృదంగం మీద పడే గట్టి దెబ్బ కూడా నలగకుండా రావడానికి 110 డెసిబెళ్ల దాకా అవకాశం ఉంచుకుందామంటే సుమారు నాలుగున్నర వోల్టులు కావాలి, కరెంటు మాత్రం నామమాత్రమే. నీ స్నేహితుడి హైఫైమ్యాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ కథ వేరు. అది 25 ఓంలది, ఒక మిల్లీవాటుకు 91 డెసిబెళ్లే ఇస్తుంది కనుక అదే 110 చేరాలంటే 80 మిల్లీవాట్లు, అంటే ఒకటిన్నర వోల్టుకు లోపే గాని 56 మిల్లీఆంపియర్ల కరెంటు కావాలి. ఒకటి వోల్టేజి అడుగుతుంది, ఇంకొకటి కరెంటు అడుగుతుంది. అందుకే అతనికి బ్రహ్మాండంగా పాడిన పెట్టె నీ దగ్గర నీరసంగా వినిపించవచ్చు. అందులో అతను చెప్పిన అబద్ధమేమీ లేదు.

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వాట్లు చాలావరకు 32 ఓంల దగ్గరివి. 32 ఓంల దగ్గర 200 మిల్లీవాట్లు అని ఉంటే అది రెండున్నర వోల్టులకు సమానం. ఆ వోల్టేజి నీ 300 ఓంల మీద 21 మిల్లీవాట్లే అవుతుంది. 110 అందకపోయినా దానితో 105 డెసిబెళ్లు వస్తాయి. అది నీకు చాలు, నా చెవులకైతే ఎక్కువే. ఫోనుకు తగిలించుకునే చిన్న డాంగిళ్లు కూడా చాలావరకు ఒక వోల్టు దరిదాపుల్లో ఇస్తాయి కనుక, తక్కువ శబ్దంతో వినే అలవాటున్నవాళ్లు అసలు ఈ ఖర్చు పెట్టనవసరమే లేదు. ఆ డబ్బు మంచి హెడ్‌ఫోన్‌కు కలుపుకుంటే లాభం ఎక్కువని నా అభిప్రాయం.

డాక్ చిప్ పేరు చూసి మురిసిపోవద్దు. 1982లో సీడీ వచ్చిన నాడే 16 బిట్లతో సుమారు 96 డెసిబెళ్ల వ్యాప్తి (అతి సన్నని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం) దొరికింది, ఈనాటి చవక చిప్పులు దానిని సునాయాసంగా దాటుతున్నాయి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయొకలో, డాక్ చిప్పులు చేసే ఏకేఎం కంపెనీ వారి కర్మాగారం తగలబడినప్పుడు, కొందరు తయారీదారులు అదే మోడల్‌లో వేరే కంపెనీ చిప్పు పెట్టి అమ్మారు. చిప్పు చుట్టూ ఉన్న సర్క్యూటు సరిగా ఉంటే, ఏ పెట్టెలో ఏ చిప్పు ఉందో చూడకుండా చెప్పగలవారు బహు అరుదు.

ఇక వినడం దగ్గరకు వద్దాం. నేను పొరపాటు పడింది ఇక్కడే. కొన్నేళ్ల క్రితం ఒక కొత్త యాంప్ తెచ్చుకుని, పాతదాని కంటే వీణ మీటు స్పష్టంగా వినిపిస్తోందని వారం రోజులపాటు మీ అత్తయ్యకు చెప్పి విసిగించాను. తరువాత మీటరు పెట్టి చూస్తే కొత్తది రెండు డెసిబెళ్లు ఎక్కువ పలుకుతోంది, అంతే! రెండింటినీ సమం చేసేసరికి ఆ స్పష్టత కాస్తా మాయమైంది. ముప్పై ఏళ్లు ఆకాశవాణి కంట్రోల్ రూంలో మీటర్ల ముందు కూర్చున్నవాడినే ఇలా మోసపోతే నిన్ను హెచ్చరించకుండా ఎలా ఉంటాను? కొంచెం ఎక్కువ శబ్దాన్ని చెవి ఎక్కువ శబ్దమని గుర్తించదు, మెరుగైన శబ్దమని అనుకుంటుంది.

కనుక మామూలు మల్టీమీటరు ఒకటి సంపాదించు. 100 హెర్ట్జ్‌ల శుద్ధమైన స్వరం వాయిస్తూ, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే, కాని చెవులకు పెట్టుకోకుండా, అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టేజి కొలువు. చవక మీటర్లు పెద్ద పౌనఃపున్యాల దగ్గర తప్పు చూపిస్తాయి కాబట్టే 100 అంటున్నాను. నువ్వు పోల్చదలచిన రెండు పెట్టెల వోల్టేజీకి ఒక శాతం మించి తేడా లేకుండా సరిచేస్తే 0.1 డెసిబెల్ లోపు కుదిరినట్టే. ఆ తరువాత మీ చెల్లిని పిలిచి, ఏది తగిలించిందో నీకు చెప్పకుండా పది సార్లు మార్చమను. పదింటిలో తొమ్మిదైనా సరిగ్గా చెప్పగలిగితే అది గుడ్డి అదృష్టమయ్యే అవకాశం నూటికి ఒకటి మాత్రమే. అయిదో ఆరో వస్తే రెండింటిలో చవకది ఉంచుకో.

దీనికంటే తేలికగా దొరికే తేడాలు కొన్ని ఉన్నాయి. రాత్రి ఫ్యాను ఆపి, పాట ఏదీ పెట్టకుండా, వాల్యూము పెంచుతూ పో. సన్నని బుస నీవు వినే స్థాయిలోనే వినిపిస్తే అది యాంప్ లోపం. గుంయ్‌మని హమ్మింగు వస్తే మాత్రం వెంటనే యాంప్‌ను నిందించకు. లాప్‌టాప్ చార్జరు పీకి చూడు. హమ్మింగు ఆగిపోతే తప్పు రెండు పిన్నుల చార్జరుదో, మీ ఇంటి ఎర్తింగుదో అయి ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు కూడా ఒకసారి విను, స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు అయితే ట్రాన్స్‌ఫార్మరు అడాప్టర్లు గోల చేస్తాయి.

పాట ఒకటి పెట్టి, వాల్యూము నాబ్‌ను అట్టడుగుకు తెచ్చి, పాడేవారి గొంతు నడినెత్తిన నిలుస్తోందో, ఒక చెవి వైపు ఒరుగుతోందో గమనించు. నాబ్ కింద ఉండే చవక పొటెన్షియోమీటర్లు మొదటి గీతల దగ్గర ఎడమ కుడులను సమంగా నడపలేవు. యాంప్ ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించే గెయిన్ స్విచ్ తక్కువలో పెట్టి నాబ్‌ను పైకి తెస్తే ఈ బాధ తప్పుతుంది, ఆ స్విచ్ లేని పెట్టెను నేనైతే కొనను. చిన్న ఇయర్‌ఫోన్లు కూడా వాడతావు కనుక అవుట్‌పుట్ ఇంపిడెన్సు (యాంప్ తన లోపలే కరెంటుకు ఇచ్చే అడ్డు) వాటి ఓంలలో ఎనిమిదో వంతుకు మించకుండా చూసుకో. 16 ఓంలవి అయితే రెండు ఓంలు. అది మించితే కొన్ని ఇయర్‌ఫోన్ల శబ్దం తీరే మారిపోతుంది.

అమెరికా నుంచి అక్కయ్య వస్తూ తెస్తానంటే అడాప్టరు మీద రాసింది ముందే ఫొటో తీసి పంపమను. 120 వోల్టులకే చేసినదాన్ని మన 230లో పెడితే మొదటి రోజే పొగ చూస్తావు.

గడువు పది రోజులేనన్నావు కదా, పెట్టె చేతికి రాగానే చెప్పు, నా మల్టీమీటరు కొరియర్‌లో పంపిస్తాను. బ్యాటరీ మాత్రం నువ్వే వేసుకోవాలి.

ఇట్లు,
మీ మామయ్య