అల్ట్రాసౌండ్ ఎక్కడ నేర్చుకోవాలని అడిగావు కదా

అమ్మడూ,

క్యాజువాలిటీ డ్యూటీలో ఫ్యాస్ట్ స్కాన్ (దెబ్బలు తగిలినవాళ్లకు లోపల రక్తస్రావం ఉందేమో త్వరగా చూసే అల్ట్రాసౌండ్) చేయడానికి ఆన్‌లైన్ కోర్సు సరిపోతుందా, హైదరాబాద్ వెళ్లి వర్క్‌షాప్‌లో చేరాలా అని అడిగావు. రెండూ కావాలి. కానీ ముందు వెళ్లు.

స్క్రీన్ మీద కనిపించేది చదవడం వీడియోలు చూస్తే బాగానే వస్తుంది. లివర్‌కీ కుడి కిడ్నీకీ మధ్య నల్లటి చారలా రక్తం నిలిచిన క్లిప్పులు ఆన్‌లైన్‌లోనే ఎక్కువ దొరుకుతాయి. వర్క్‌షాప్‌లో మోడల్‌గా పడుకునేది ఆరోగ్యంగా ఉన్నవాడే కదా! కానీ అసలు ఆ బొమ్మను స్క్రీన్ మీదికి రాబట్టడమే కష్టం. స్ప్లీన్ (ప్లీహం) కోసం కొత్తవాళ్లు ప్రోబ్‌ను, అంటే ఒంటిమీద ఆనించే పరికరాన్ని, బాగా ముందుకు పెడతారు, గ్యాస్ తప్ప ఏమీ కనిపించదు. పక్కనున్న మనిషి నీ మణికట్టు పట్టుకుని, వేళ్ల కణుపులు మంచానికి తగిలేంత వెనక్కి జరిపితే వెంటనే అర్థమవుతుంది. ఎంత నొక్కాలన్నదీ అంతే, చెబితే వచ్చేది కాదు.

డబ్బు కట్టేముందు ఒక్కో మిషన్‌కు ఎంతమందో కనుక్కో. నలుగురైదుగురు మించితే ప్రోబ్ నీ చేతికొచ్చేసరికి భోజనాల టైమవుతుంది. మిగిలేది సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో.

ఆన్‌లైన్ అసలు పనికొచ్చేది తిరిగొచ్చాకే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో డాక్టర్లు కాని వ్యోమగాములు కూడా నేల మీద హ్యూస్టన్ నుంచి నిపుణులు చెబుతుంటే స్కాన్ చేశారు. అయితే వాళ్లకు ముందే కాస్త శిక్షణ ఉంది, చూసుకోవడానికి కార్డులూ ఉన్నాయి. నువ్వు సీనియర్‌కు వీడియో కాల్ చేసినప్పుడు మిషన్ స్క్రీన్‌తో పాటు నీ చెయ్యి కూడా కనిపించేలా ఇంకో ఫోన్ పెట్టు. జరపడం, వంచడం, తిప్పడం, ఏ మాటకు ఏ కదలికో ముందే అనుకోండి. లేదంటే "కొంచెం అటు" దగ్గరే టైమంతా పోతుంది. పేషెంట్‌ను అడిగే చెయ్యి, పేరు కనిపించనివ్వకు.

ఇక ఫోన్‌కు తగిలించే ప్రోబ్ కొని ఇంట్లో ప్రాక్టీస్ చేస్తానన్నావే, అది మాత్రం వద్దు. పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడా మగా అని చూడటాన్ని నిషేధించే చట్టం) దృష్టిలో అదీ అల్ట్రాసౌండ్ మిషనే. రిజిస్ట్రేషన్ లేనిచోట వాడితే కేసవుతుంది, టెన్షన్ మనకెందుకు? ఎంబీబీఎస్ డాక్టర్లకు 2014 నిబంధనల్లో ఆరు నెలల శిక్షణ పెట్టారు, దానికి బదులుగా ఆన్‌లైన్ సర్టిఫికెట్ చెల్లదు. మీ ఆస్పత్రి రిజిస్ట్రేషన్‌లో ఎవరెవరి పేర్లున్నాయో ముందు ఆఫీసులో అడుగు.

మీ మిషన్ ప్యానెల్ ఫొటో తీసి పంపు. గెయిన్ (బొమ్మ వెలుతురు), డెప్త్ (ఎంత లోతు చూపాలన్నది) బటన్లు ఎక్కడున్నాయో ఆదివారం ఫోన్‌లో చెబుతాను.

అత్త