చీటీలో టైఫాయిడ్, నడుము దగ్గర నల్లని పక్కు

ముప్పై రెండేళ్లు వార్డుల్లోనూ తరగతి గదుల్లోనూ పనిచేసి పదవీ విరమణ చేసిన నర్సింగ్ అధ్యాపకురాలు పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఐసీయూలో రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు మొదటి సంవత్సరం చదువుతున్నాను. కిందటి నెల పొలం పనులకు వెళ్లే నలభై అయిదేళ్ల ఆమెను మా వార్డులో చేర్చారు. ఏడు రోజులుగా జ్వరం, రెండు రోజులుగా ఆయాసం. ముందు చూసినచోట ఇచ్చిన చీటీలో 'టైఫాయిడ్, వైడాల్ పాజిటివ్' అని ఉంది. నేను తల నుంచి పాదం వరకు పరీక్షించి టైఫాయిడ్ అనే కేసు వివరించాను. మా సార్ వచ్చి, ఆమె లంగా నాడా బిగించే చోట ఉన్న చిన్న నల్లని పక్కు చూపించారు. అది స్క్రబ్ టైఫస్, పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. నా కాగితంలో 'చర్మం: సాధారణం' అని టిక్కు ఉంది. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఇలాంటి పొరపాటు మళ్లీ జరగకుండా ఏ పుస్తకం చదవాలి?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: అమ్మాయీ, నిన్ను 'నువ్వు' అనే పిలుస్తాను, పాత అలవాటు. పుస్తకం పేరు చెప్పను. స్క్రబ్ టైఫస్ గురించి నీకు తెలుసు. పరీక్షలో అడిగితే దాన్ని కలిగించే క్రిమి పేరు ఓరియెన్షియా సుత్సుగముషి అని స్పెల్లింగ్ తప్పకుండా రాసి ఉంటావు. నీకు అడ్డొచ్చింది ఆ చీటీ.

చీటీ చదివాక నువ్వు ఆమె దగ్గరికి టైఫాయిడ్‌ను వెతుక్కుంటూ వెళ్లావు. వెతికితే దొరకకుండా ఎలా ఉంటుంది? జ్వరం ఉంది, నాలుక పూత కట్టి ఉంది, పొట్ట కాస్త ఉబ్బి ఉంది. ఇక వైడాల్ సంగతి. అది క్రిమిని చూపించే పరీక్ష కాదు, యాంటీబాడీలను చూపిస్తుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్‌కూ, వేసుకున్న టీకాకూ, ఒక్కోసారి సంబంధం లేని వేరే జ్వరానికీ పాజిటివ్ రావచ్చు. ఒకే ఒక్క వైడాల్‌ను పట్టుకుని ఏడో రోజు జ్వరానికి పేరు పెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఆ పేరును పెద్దాసుపత్రి వరకు మోసుకురావడం మన వంతు అవుతోంది.

నా విద్యార్థినులకు ఒక నియమం పెట్టేదాన్ని, వాళ్లు చాలా విసుక్కునేవారు. రోగితో పది నిమిషాలు మాట్లాడేదాకా కేస్‌షీట్ తెరవకూడదు. మొదటి వాక్యం రోగి మాటల్లోనే రాయాలి. 'ఆయాసం' అంటే ఏమిటో అడగాలి. నడిస్తేనా, పడుకుంటేనా, మాట్లాడుతుంటే మాట తెగిపోతోందా? 'జ్వరం రాకముందు రెండు మూడు వారాల్లో ఏ పనికి వెళ్లారు?' అని అడిగావా? స్క్రబ్ టైఫస్ పురుగు కుట్టిన 6 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. గడ్డి కోశాను, పొదలు కొట్టాను, గట్టు మీద కూర్చుని అన్నం తిన్నాను అని ఆమె చెప్పి ఉంటే, చీటీలోని పేరు పక్కన రెండో పేరు అప్పుడే వచ్చి చేరేది. కనీసం మూడు పేర్లు రాయి. టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్, డెంగీ అనుకో. ఒక్కొక్కదాని ఎదురుగా 'ఇదే అయితే ఇంకేం కనిపించాలి?' అని రాసుకుని, దాన్ని వెతకడానికి మళ్లీ మంచం దగ్గరికి వెళ్లు. ప్లేట్‌లెట్లు తగ్గడం, కాలేయ ఎంజైములు పెరగడం డెంగీలోనూ ఉంటాయి, స్క్రబ్‌లోనూ ఉంటాయి. ఆ రెంటినీ విడదీయడానికి అవి పనికిరావు. పక్కు పనికొస్తుంది.

ఆ పక్కు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. చిగ్గర్ అనే నల్లి పిల్ల (మంచాల్లో ఉండే నల్లి కాదు, పొదల్లో ఉండే మైట్) చర్మం మీద పాకుతూ వెళ్లి, బట్ట బిగుతుగా ఉన్నచోటో చర్మం ముడతపడ్డచోటో ఆగి కుడుతుంది. అందుకే నాడా గీత, మగవాళ్ల మొలతాడు కింద, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, చెవి వెనక చూడాలి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లగా, చుట్టూ ఎర్రటి అంచుతో ఉంటుంది. నొప్పి లేదు, దురద లేదు, కాబట్టి రోగి తనంతట తాను చెప్పదు. తడి ఉండే చంకలో నల్లగా మారకుండా చిన్న పుండులానే ఉండిపోవచ్చు. వెతికి దొరకనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. చాలామందిలో పక్కు అసలు ఉండదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం వచ్చే సంగతి. కోర్సులో చేరగానే మీలో చాలామంది స్పాంజి బాత్‌ను చిన్న పనిగా చూసి ఆయాకో జూనియర్‌కో వదిలేస్తారు. రోగి ఒంటి మీద ప్రతి అంగుళాన్నీ ఆమె సిగ్గుపడకుండా, అడిగి ఒప్పించే పని లేకుండా చూడగలిగే సమయం రోజంతటిలో అదొక్కటే. డాక్టర్‌కు దొరకని అవకాశం మన చేతిలో ఉంది. తెర లాగి, గోరువెచ్చని నీళ్లతో నడుము తుడుస్తూ ఉంటే ఆ పక్కు నీ చేతికి తగిలేది. ఆ రోజు ఆమెకు స్పాంజి ఎవరు చేశారో కనుక్కో. ఆ అమ్మాయి చూసే ఉంటుంది, ఎవరూ అడగలేదు.

ఆ టిక్కు గురించి ఎక్కువ చెప్పను. చూడనిదాన్ని 'చూడలేదు' అని రాయి. 'సాధారణం' అని రాస్తే తరువాత వచ్చినవాళ్లు కూడా చూడరు. శ్వాస లెక్క కూడా అంతే. నేను తిరగేసిన కేస్‌షీట్లలో సగానికి పైగా శ్వాస 20 అనే ఉండేది, ఆ ఊరి జనమంతా కూడబలుక్కుని ఊపిరి తీస్తున్నట్టు. నాడి పట్టుకున్నట్టు మణికట్టు పట్టుకుని, నిండు నిమిషం ఛాతీనే చూసి లెక్కపెట్టు. తన ఊపిరి లెక్కిస్తున్నారని తెలిస్తే ఎవరైనా వేగం మార్చేస్తారు.

నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. ఒక డిసెంబర్ రాత్రి దర్జీ పనిచేసే పెద్దాయన 'గ్యాస్ పట్టిందమ్మా, సోడా తాగినా తగ్గలేదు' అంటూ వచ్చాడు. ఆయన గ్యాస్ అన్నాడు, నేనూ గ్యాస్ అనే రాశాను. అంత చలిలో చొక్కా వీపుకు అతుక్కుపోయేలా చెమట పట్టిందని నలభై నిమిషాల తరువాత గమనించాను. ఈసీజీలో గుండెపోటు. బతికాడు. ఆ నలభై నిమిషాలు మాత్రం నా లెక్కలోనే ఉన్నాయి.

ఇంకొకటి. అనుమానం వచ్చాక సార్‌తో 'టైఫాయిడ్ కాకపోవచ్చేమో సార్' అని నసగకు. 'ఏడో రోజు జ్వరం, శ్వాస నిమిషానికి ఇంత, గడ్డి కోసే పని, నడుము దగ్గర నొప్పిలేని నల్లని పక్కు, స్క్రబ్ టైఫస్ అనుకుంటున్నాను' అని చెప్పు. మందు రాసేది ఆయనే. కానీ ఈ జబ్బులో రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు, సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. నువ్వు ఎంత ముందుగా చెబితే ఆమెకు అంత మేలు.

ప్రశ్న: ఛాతీకి చూడటం, తాకడం, తట్టడం, వినడం అని వరస నేర్పారు. పొట్టకు మాత్రం చూసిన వెంటనే వినాలట, తాకడం చివరనట. ఈ తేడాకే ప్రాక్టికల్స్‌లో మార్కులు పోయాయి. కారణం ఎవరూ చెప్పలేదు.
– ఇంకొక విద్యార్థి, నల్గొండ

జవాబు: నొక్కితే పేగుల కదలిక మారుతుంది, ఆ తరువాత నువ్వు వినేది నీ చేయి పుట్టించిన శబ్దమే కావచ్చు. అంతకంటే పెద్ద కారణం నొప్పి. నొప్పి ఉన్నచోట మొదటే చేయి వేస్తే రోగి పొట్టను చెక్కలా బిగించేస్తాడు, ఇక మిగతా చోట్ల ఏమీ తెలియదు. 'ఎక్కడ నొప్పి?' అని ముందే అడిగి, ఆ చోటును ఆఖరుకు ఉంచు. నొక్కేటప్పుడు నీ వేళ్లను కాక, అతని ముఖాన్ని చూస్తూ ఉండు. మోకాళ్లు కొంచెం మడిచి పడుకోమను. అరచేతులు రుద్దుకుని వేడి చేసుకో. ఏసీ గదిలో చల్లని చేయి తగిలితే ఏ జబ్బూ లేనివాడి పొట్ట కూడా బిగుసుకుంటుంది.