లుసాకా వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి స్రవంతికి, మామయ్య ఆశీస్సులు.

జాంబియా సైబర్ భద్రతా సామర్థ్యాన్ని అంచనా వేసే బృందంలోకి నిన్ను తీసుకున్నారని అక్కయ్య చెప్పింది. విన్నవాళ్లందరికీ మళ్లీ మళ్లీ చెప్పుకున్నాను. రాత్రయ్యేసరికి దిగులు పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

దేశాల సైబర్ సామర్థ్యాన్ని కొలిచే ఆక్స్‌ఫర్డ్ వాళ్ల నమూనాలోని అయిదు కోణాలు, అయిదు మెట్లు నీకు నేను చెప్పాల్సిన పని లేదు. వ్యూహపత్రం ఉందా, చట్టం ఉందా అని అడిగితే ఉందనే అంటారు. అది చాలదు. కోస్టారికాకు 2017లోనే జాతీయ వ్యూహం ఉంది. అయినా 2022 ఏప్రిల్‌లో, కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు గుంజే కాంటి ముఠా ఆర్థిక శాఖ మీద పడితే, మే నెలలో అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది.

బ్యాంకు కంప్యూటర్ విభాగంలో తల నెరిసినవాణ్ని. నా భయమంతా సెలవు రోజుల గురించే. ఢాకాలో ఏం జరిగిందో గుర్తు చేసుకో. 2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి. బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు సిబ్బంది ఇళ్లకు వెళ్లాక, దొంగలు ఆ బ్యాంకు పేరుతోనే, దాని డాలర్ల ఖాతా ఉన్న న్యూయార్క్ ఫెడరల్ రిజర్వుకు, బ్యాంకుల మధ్య సందేశాలు నడిపే స్విఫ్ట్ ద్వారా దాదాపు 95 కోట్ల డాలర్ల చెల్లింపు ఆదేశాలు పంపారు. ఆ సందేశాలను అచ్చువేసే ప్రింటర్‌ను పనిచేయకుండా చేశారు. శుక్రవారం అక్కడ సెలవు. డ్యూటీకి వచ్చినవాళ్లు ప్రింటర్ ఎప్పటిలాగే మొరాయించిందనుకున్నారు. శనివారం సంగతి తెలిసి న్యూయార్క్‌కు కబురు పెడితే అక్కడ వారాంతం, పలికేవారు లేరు. సోమవారం, డబ్బు చేరాల్సిన ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో చైనా కొత్త సంవత్సరం సెలవు. చాలా ఆదేశాలు ఆగిపోయాయి. శ్రీలంకకు పోవాల్సిన 2 కోట్ల డాలర్లు ‘ఫౌండేషన్’ అన్న మాటలో అక్షరం తప్పు పడడం వల్ల దక్కాయి. 8.1 కోట్ల డాలర్లు మాత్రం మనీలా చేరాయి, చాలావరకు కాసినోల పాలయ్యాయి.

బయటి చొరబాట్లను అడ్డుకునే ఫైర్‌వాల్ లేదని, కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు చవకవి వాడారని తర్వాత అందరూ తిట్టిపోశారు. తిట్టాల్సిందే. నాకు మాత్రం ఆ ప్రింటర్ ముందు నిలబడ్డ ఉద్యోగే కళ్లలో మెదులుతాడు. అనుమానం వచ్చినా ఆ పూట ఎవరికి చెప్పాలో అతనికి ఎవరైనా నేర్పారా?

కాబట్టి లుసాకాలో అత్యవసర నంబరు ఉందంటే రాసుకుని ఊరుకోకు. శనివారం సాయంత్రం వాళ్ల అనుమతితో ఆ నంబరుకు ఫోను చేసి చూడు. బ్యాకప్ ఉందంటే, దాని నుంచి డేటాను చివరిసారి ఎప్పుడు తిరిగి తెచ్చి చూశారో అడుగు. మొబైల్ మనీ ఏజెంటు బూత్ పక్కన ఒక పూట కూర్చో. మోసపోయిన మనిషి ముందు ఎవరి దగ్గరకు పరుగెత్తుతాడో అక్కడ తెలుస్తుంది. మంత్రిత్వ శాఖ సమావేశంలో తెలియదు.

ఎదుటివాళ్లు మాట ముగించకముందే జవాబు చెప్పే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. అక్కడ మానుకో! 2022 మేలో కాంటి లాంటిదే హైవ్ ముఠా దాడి చేస్తే, డబ్బు కట్టేది లేదని తేల్చి చెప్పింది జాంబియా కేంద్ర బ్యాంకు. ప్రధాన వ్యవస్థలను కాపాడుకుంది కూడా. మార్కులు వేసేముందు వాళ్ల దగ్గర నేర్చుకో. జూన్, జూలైలో అక్కడ చలి, స్వెటర్ మరిచిపోకు తల్లీ.

ఇంకొక్క మాట. శిక్షణ పొందిన పిల్లలు మంచి జీతం దొరికిన చోటికి వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టలేం. నివేదికలో కొనాల్సిన పరికరాల కంటే ముందు, సెలవునాడు కూడా మనిషి ఉండేలా ఎన్ని పోస్టులు కావాలో, ఆ జీతాలు ఏ బడ్జెట్ నుంచి రావాలో రాయి. విరాళాల డబ్బు అయిపోయాక ఎవరు ఇస్తారో కూడా రాయించు.

నీ మామయ్య