3,549వ మెట్టు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కథ అందింది. ఆటిజం ఉన్న కుర్రాడి నోటనే చెప్పించడం బాగుంది. చిక్కల్లా తండ్రి పోయిన చోట. అలిపిరి మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ ఎక్కే కుర్రాడి చేత 'గుండె బరువెక్కింది' అని పలికించావు. ఆ మాట నీది, వాడిది కాదు. రసాన్ని దాని పేరుతోనే చెప్పడాన్ని మన ఆలంకారికులు స్వశబ్దవాచ్యత అని దోషాల్లో వేశారు.

ఎర్ర కలంతో వాడు తన గురించి బాధ, భయం, దిగులు అన్న ప్రతిచోటా కొట్టెయ్. అక్కడితో ఆగితే మాత్రం వాడు మరబొమ్మ అవుతాడు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఖాళీ వదిలితే చాలదు, దాని గట్లు కనబడాలి. ముందు రెండుసార్లు మామూలు రోజు చూపించు: బేసి మెట్టు వాడు లెక్కపెడతాడు, సరి మెట్టు నాన్న. ఆ తర్వాత ఒంటరిగా ఎక్కే రోజున వాడు ఒకటి, మూడు, ఐదు అంటూ పోతాడు. మెట్లు 3,550. ఆఖరిది నాన్నది. 3,549 దగ్గర వాడేం చేశాడో రాయి, ఎందుకో రాయకు.

తెలుగులో నీకొక సాయం ఉంది, 'అట'. తాను చూడని ప్రతిదానికీ అట తగిలించే అలవాటు వాడికి మొదటి పేజీ నుంచే పెట్టు. ఏడాది తర్వాత కూడా 'నాన్న పోయారట' అంటే చదివేవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. అమ్మ దుఃఖం కూడా పనుల్లోనే రావాలి: మూడు కంచాలు పెట్టింది, ఒకటి తీసేసింది.

'కడుపు మండింది' అంటే మాత్ర తెచ్చివ్వడం లాంటివి ఒక్కసారికి మించొద్దు. రెండోసారికి వాడు నవ్వులాట వస్తువైపోతాడు.

ఇంకోటి. అర్థం కాకపోవడం రెండువైపులా ఉంటుందని 2012లో డేమియన్ మిల్టన్ రాశాడు, ఆయనా ఆటిజం ఉన్న పరిశోధకుడే. కాబట్టి పొరబడేది ఎప్పుడూ కుర్రాడే కాకూడదు. పెళ్లిలో వాడు చెవులు మూసుకుంటే మేనమామ పొగరనుకోవాలి. డోలు పక్కనే మోగుతోందని పాఠకుడికి ముందే తెలిసుండాలి.

రాశాక ముగ్గురికివ్వు, అందులో ఒకరు ఆటిజం ఉన్నవాళ్లే అయితే మరీ మంచిది. 'ఇక్కడ వాడికెలా ఉంది?' అని అడుగు. ముగ్గురూ ఒకే మాట తడుముకోకుండా అంటే ఇంకా ఎక్కువ చెప్పేశావని. 'ఏమో, ఏమీ లేదు' అంటే మామూలు రోజు సరిగా పడలేదని. వెనక్కెళ్లి దాన్ని దిద్దు, ఆ పేజీని కాదు.

అన్నట్టు, కథ పేరులోంచి 'వేదన' తీసెయ్.